కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే ‘ఒత్తిడి ఎక్కువ’: చేతి వాచీకి మనసు ఎంత తెలుసు?

క్లుప్తంగా: చేతికి పెట్టుకునే వాచీలు, పట్టీలు, ఉంగరాలు గుండె వేగాన్ని, కదలికను, చెమటను, చర్మపు వేడిని కొలుస్తాయి. దిగులు, భయం, ఉన్మాదం (మేనియా) వాటికి నేరుగా కనబడవు. ఒకే మనిషి పాత లెక్కను కొత్త లెక్కతో పోల్చి చూసుకునేటప్పుడు ఇవి అక్కరకొస్తాయి. దిగులు, ఉన్మాదం మార్చిమార్చి వచ్చే బైపోలార్ జబ్బులో నిద్ర తగ్గడాన్ని ముందే పట్టుకోవడంలో మరీ ఎక్కువ. వందలమందికి పెట్టి ఎవరికి జబ్బుందో తేల్చాలనుకుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎండలు, మెట్లు, రాత్రి డ్యూటీలు ఈ అంకెలను ఇంకాస్త తికమక పెడతాయి.

అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరిన భక్తుడు కాసేపటికి క్యూ కాంప్లెక్సులో ఒక కంపార్ట్‌మెంట్‌లో కూర్చుంటాడు. చేయి ఒళ్లో ఉంటుంది, కదలదు. గుండె మాత్రం ఇంకా నిమిషానికి 105 సార్లు కొట్టుకుంటూనే ఉంటుంది. ఎక్కిన అలసట తీరలేదు, ఒంట్లో నీళ్లు తగ్గాయి, చుట్టూ జనం, ఉక్క. సరిగ్గా అప్పుడు వాచీ బుర్రుమంటుంది: ‘మీ ఒత్తిడి ఎక్కువగా ఉంది, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి.’ ఆయన మనసు ఆ వారంలోకెల్లా నిమ్మళంగా ఉన్న గంట అదే అయ్యుండొచ్చు. వాచీకి తెలిసిన తర్కం ఒక్కటే. ఒళ్లు కదలకుండా గుండె పరుగెడితే దాని లెక్కలో అది ఒత్తిడి.

ఈ తికమక ఇప్పుడు చర్చకు రావడానికి కారణాలున్నాయి. రెండు వేల రూపాయల లోపు వాచీల్లో కూడా ‘స్ట్రెస్’ అనే గడి వచ్చేసింది. మరోవైపు 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను పెట్టుకోవాలన్నది వాటిలో ఒకటి. కౌన్సెలర్‌ను వెతకడం కష్టం, పట్టీలు కొనడం సులువు. అందుకే ఈ పరికరాలు ఏం చేయగలవో, ఎక్కడ బోల్తా పడతాయో విడమర్చి చూడాల్సి వస్తోంది.

## పట్టీ కింద ఏముంది

వాచీ తిప్పి చూస్తే మినుకుమినుకుమనే పచ్చ దీపాలు కనిపిస్తాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మం కింది సన్నని నాళాల్లోకి రక్తం పొంగుతుంది, వెనక్కి తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. దీపం పక్కనున్న ఫోటోడయోడ్ ఈ హెచ్చుతగ్గులను పట్టి ఒక అల గీస్తుంది. ఈ పద్ధతి పేరు పీపీజీ. ఆసుపత్రిలో తీసే ఈసీజీ గుండె విద్యుత్తును చూస్తుంది. పీపీజీ చూసేది ఆ దెబ్బ మణికట్టు దాకా వచ్చాక రక్తంలో పుట్టే అలను. తేడా చిన్నదిగా అనిపిస్తుంది కానీ తర్వాతి లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

రెండోది యాక్సిలరోమీటర్. చేయి ఎటు, ఎంత వడిగా కదిలిందో మూడు దిశల్లో కొలిచే చిప్పు ఇది. అడుగుల లెక్క, నిద్ర లెక్క రెండింటికీ మూలం ఇదే. నిద్రను తేల్చేందుకు కదలికలను 30 సెకండ్లు లేదా ఒక నిమిషం చొప్పున ముక్కలు చేసి, ముందూ వెనకా ముక్కలతో కలిపి చూసి ‘నిద్ర’, ‘మెలకువ’ అని ముద్ర వేస్తారు.

మూడోది చెమట సెన్సర్, అన్ని వాచీల్లో ఉండదు. చర్మం మీద రెండు లోహపు బిళ్లలు ఆనించి, కంటికి కనిపించనంత చెమట వల్ల విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో మైక్రోసీమెన్లలో కొలుస్తారు. భావోద్వేగం కలిగితే చర్మపు విద్యుత్ గుణం మారుతుందని 1880ల నుంచే తెలుసు. ఉలిక్కిపడ్డాక సుమారు ఒకటి నుంచి నాలుగు సెకండ్లలో గీత పైకి లేస్తుంది. చాలా ప్రయోగశాలల్లో 0.05 మైక్రోసీమెన్లు దాటిన లేపును లెక్కలోకి తీసుకుంటారు. చిక్కేమిటంటే, ఈ చెమట గ్రంథులు దట్టంగా ఉండేది అరచేతుల్లో, అరికాళ్లలో. వాచీ ఉండేది మణికట్టు మీద.

నాలుగోది చర్మపు ఉష్ణోగ్రత. నిద్ర వేళలు ముందుకో వెనక్కో మారాయా లేదా అన్నదానికి ఓ సాక్ష్యంగా తప్ప విడిగా దీనితో పెద్ద పని లేదు.

## లయ లెక్క: ఒక్క దెబ్బ జారితే

ఆరోగ్యంగా ఉన్న గుండె గోడ గడియారంలా సమానంగా కొట్టుకోదు. ఊపిరి పీల్చేటప్పుడు కాస్త వేగం, వదిలేటప్పుడు కాస్త నిదానం. ఈ ఊగిసలాటను నడిపించేది ప్రధానంగా గుండెను నిదానింపజేసే వేగస్ నాడి. కంగారులో దాని పట్టు సడలుతుంది, ఊగిసలాట తగ్గుతుంది. దీన్నే హార్ట్ రేట్ వేరియబిలిటీ, పొట్టిగా హెచ్‌ఆర్‌వీ అంటారు. వాచీలోని ఒత్తిడి అంకె చాలావరకు దీని నుంచే పుడుతుంది. ఉదాహరణకు గార్మిన్ వాచీలు హెచ్‌ఆర్‌వీని 0 నుంచి 100 మధ్య అంకెగా మార్చి చూపిస్తాయి. 25 వరకు విశ్రాంతి, 75 దాటితే ఎక్కువ ఒత్తిడి.

లెక్క ఎలా నడుస్తుందో దగ్గరగా చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. వరసగా ఐదు దెబ్బల మధ్య నాలుగు వ్యవధులు 800, 850, 790, 840 మిల్లీసెకండ్లు అనుకుందాం. పక్కపక్క వ్యవధుల తేడాలు 50, 60, 50. వీటిని వర్గం చేసి సగటు కట్టి వర్గమూలం తీస్తే సుమారు 54 వస్తుంది. ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ అనే కొలత ఇదే. ఇప్పుడు చేయి కదిలి మధ్యలో ఒక్క దెబ్బ వాచీకి కనబడలేదనుకుందాం. 850, 790 కలిసిపోయి 1,640 అవుతుంది. అదే లెక్క మళ్లీ వేస్తే 54 కాస్తా 820 అవుతుంది. జారిపోయింది ఒక్క దెబ్బే, పెరిగింది పదిహేను రెట్లు. మంచి సాఫ్ట్‌వేర్ ఇలాంటి వ్యవధులను గుర్తించి తీసేస్తుంది. నాసిరకంది వాటిని కూడా సగటులో కలిపేస్తుంది.

వాచీ సెకండుకు ఎన్నిసార్లు కాంతిని చదువుతుందన్నది ఇంకో మెలిక. 25 సార్లు చదివితే రెండు చదువుల మధ్య 40 మిల్లీసెకండ్లు. కొలవాల్సిన తేడాలేమో 50, 60. మధ్య బిందువులను అంచనా కట్టి సర్దుబాటు చేస్తారు నిజమే, అయినా బ్యాటరీ ఆదా కోసం తక్కువసార్లు చదివే పట్టీలో హెచ్‌ఆర్‌వీ అంకెను నమ్మడం కష్టం. ఛాతీకి కట్టే ఈసీజీ పట్టీ ఈ పనిలో మణికట్టు వాచీ కంటే చాలా మెరుగు. నిద్రలో వేసుకునే ఉంగరం మధ్యస్థం. వేలి దగ్గర అల బలంగా ఉంటుంది, రాత్రి కదలికా తక్కువ.

వయసు పెరిగేకొద్దీ హెచ్‌ఆర్‌వీ తగ్గుతుంది. ముందురోజు రాత్రి మద్యం తాగినా, జ్వరం వచ్చినా తగ్గుతుంది. డిప్రెషన్ ఉన్నవారిలో సగటున కొంచెం తక్కువ ఉంటుందన్న మాట నిజమే. అయితే జబ్బున్నవాళ్ల అంకెలు, లేనివాళ్ల అంకెలు ఒకదానిమీద ఒకటి ఎంతగా పరుచుకుని ఉంటాయంటే, ఒక మనిషి అంకె చూసి ఏ గుంపువాడో చెప్పడం కుదరదు. అందుకే పక్కింటివాళ్ల హెచ్‌ఆర్‌వీ 60, మన ఇంట్లోవాళ్లది 32 అని బెంగపడటంలో అర్థం లేదు.

## ఏ జబ్బులో ఎంత అక్కర

సెన్సర్లు బాగా పనికొచ్చేది బైపోలార్ రుగ్మతలో. ఉన్మాద దశకు ముందు నిద్ర అవసరం తగ్గడం ఆ జబ్బు స్వభావం. మూడు నాలుగు గంటలు పడుకుని లేచినా అలసట ఉండదు, పని పెరుగుతుంది, ఫోన్లు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. ఆ స్థితిలో ఉన్న మనిషి ‘నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా’ అంటాడు కాబట్టి అడిగి తెలుసుకునే పద్ధతి అక్కడ పనిచేయదు. నిద్ర గీతకు మొహమాటం లేదు.

ఒక ఊహా ఉదాహరణ. మామూలు రోజుల్లో ఒకరి నిద్ర సగటున 430 నిమిషాలు, రోజుకూ రోజుకూ తేడా 40 నిమిషాలకు అటూ ఇటూ. వరసగా మూడు రాత్రులు 270 నిమిషాలే పడుకుంటే మామూలు నుంచి 160 నిమిషాల తగ్గుదల, అంటే రోజువారీ తేడాకు నాలుగు రెట్లు. ఇది యాదృచ్ఛికం కాకపోవచ్చు. నిద్రలేమితో బాధపడేవారికీ నిద్ర తగ్గుతుంది కదా అన్న ప్రశ్న వస్తుంది. తేడా మర్నాడు తెలుస్తుంది. నిద్రలేమిలో పగటి కదలిక పడిపోతుంది. ఉన్మాదం వైపు వెళ్తున్నప్పుడు పగటి కదలిక తగ్గదు, పైపెచ్చు రాత్రి పదకొండు తర్వాత కూడా అడుగులు పడుతూనే ఉంటాయి. వైద్యుల ప్రమాణం ప్రకారం ఉన్మాద దశ అనడానికి లక్షణాలు వారం ఉండాలి, తేలికపాటి ఉన్మాదానికి నాలుగు రోజులు. మూడో రోజునే గీత విరిగిందని తెలిస్తే డాక్టరును కలవడానికి వ్యవధి దొరుకుతుంది. ఈ పరికరాల అసలు విలువ ఆ రెండు మూడు రోజుల్లోనే ఉంది.

డిప్రెషన్‌లో పరిస్థితి ఇంత తేట కాదు. పగటి కదలిక తగ్గడం, రాత్రి కదలిక పెరగడం, రెండింటి మధ్య ఎడం చిన్నదవడం కనిపిస్తాయి. దీన్ని కొలవడానికి రోజులో బాగా చురుగ్గా ఉన్న పది గంటల కదలికను, బాగా తక్కువగా ఉన్న ఐదు గంటల కదలికను తీసుకుని, తేడాను మొత్తంతో భాగిస్తారు. ఒకటికి దగ్గరగా వస్తే పగలు పగల్లా, రాత్రి రాత్రిలా ఉన్నట్టు. బ్రిటన్‌లో 91,105 మంది కదలికల రికార్డులతో 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ నిష్పత్తి తక్కువగా ఉన్నవారిలో డిప్రెషన్, బైపోలార్ ఎక్కువగా కనిపించాయి. ఏది కారణం, ఏది ఫలితం అన్నది దాన్నిబట్టి చెప్పలేం.

ఇక్కడే ఓ పెద్ద గుంట ఉంది. డిప్రెషన్‌లో చాలామంది తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, లేవలేక, పైకప్పు చూస్తూ కదలకుండా పడుకుంటారు. కదలికనే నమ్ముకున్న వాచీ దాన్ని ‘నిద్ర’ అని రాసుకుంటుంది. నిద్రను నిద్రగా గుర్తించడంలో ఈ పద్ధతికి తొంభై శాతానికి పైగా మార్కులు పడతాయి. మెలకువను మెలకువగా గుర్తించడంలో మాత్రం సగం మార్కులు కూడా కష్టమే. ‘నాకు నిద్ర లేదు’ అని ఇంట్లో మనిషి అంటుంటే, ‘వాచీ ఏడు గంటలు చూపిస్తోంది’ అని వాదించడం ఈ కారణంగానే తప్పు.

పానిక్ అటాక్‌ల విషయంలో పరికరం మేలు కన్నా కీడు చేసే అవకాశమూ ఉంది. దడ మొదలవుతుంది, చేయి ఎత్తి వాచీ చూస్తారు, 128 కనిపిస్తుంది, గుండెపోటేమోనన్న భయం పెరుగుతుంది, ఆ భయంతో అంకె ఇంకా ఎక్కుతుంది. మామూలుగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి దిగిపోయే దడను ప్రతి అరనిమిషానికీ వాచీ చూసుకునే అలవాటు సాగదీస్తుంది. ఇలాంటివారికి గుండె వేగం గడిని తెర మీద నుంచి తీసేయించడం చికిత్సలో భాగమే అనుకోవచ్చు. నిద్ర అంకెలు పరిపూర్ణంగా ఉండాలన్న తపనతో నిద్ర చెడగొట్టుకోవడానికి 2017లో పరిశోధకులు పేరే పెట్టారు, ఆర్థోసోమ్నియా అని.

పీడకలలకు మాత్రం సెన్సర్‌తో పనిచేసే చికిత్స ఒకటి నియంత్రణ సంస్థ అనుమతి దాకా వెళ్లింది. అమెరికాలో 2020 నవంబరులో ఎఫ్‌డీఏ ‘నైట్‌వేర్’ అనే వాచీ యాప్‌కు అనుమతి ఇచ్చింది. నిద్రలో గుండె వేగం, కదలిక చూసి పీడకల వస్తున్నట్టు అనిపిస్తే, మనిషి పూర్తిగా లేవనంత మెల్లగా వాచీని కంపింపజేస్తుంది. లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం లాంటి లక్షణాలుండే స్కిజోఫ్రీనియాలో జబ్బు తిరగబెట్టడానికి ముందు నిద్ర, రోజువారీ క్రమం చెదరడం మీద పరిశోధనలు నడుస్తున్నాయి.

## ఎండ, పాలవేళ, పోటు: లెక్క తప్పే చోట్లు

సెన్సర్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా తయారయ్యేది ఏసీ గదుల్లో, రాత్రి పదకొండుకు పడుకుని ఏడింటికి లేచే మనుషుల మీద. తిరుపతి, చిత్తూరు జిల్లాల దినచర్య అలా ఉండదు.

మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు చెమట సెన్సర్ దాదాపు చేతులెత్తేస్తుంది. ఒంటిని చల్లబరచడానికి పట్టే చెమట, కంగారుతో పట్టే చెమట రెండూ దానికి ఒకటే. ఉక్కపోతకు విశ్రాంతిలో కూడా గుండె వేగం పెరుగుతుంది. డెంగీ, వైరల్ జ్వరాల కాలంలో అయితే ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినప్పుడల్లా గుండె నిమిషానికి సుమారు పదిసార్లు అదనంగా కొట్టుకుంటుంది. ‘వారమంతా ఒత్తిడి’ అని యాప్ రాసిందంటే ముందు థర్మామీటర్ పెట్టి చూడాలి.

పలమనేరు, పుంగనూరు వైపు పాడి ఉన్న ఇళ్లలో నాలుగింటికే లేస్తారు, తెల్లారేసరికి పాలు కేంద్రానికి చేరాలి. తెల్లవారుజామున మెలకువ రావడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి కాబట్టి, సగటు మనిషితో పోల్చే యాప్ ఈ ఇళ్లన్నిటికీ ఎర్ర గుర్తు పెట్టగలదు. తిరుమలలో మూడు గంటల సుప్రభాతానికి ముందే డ్యూటీ ఎక్కేవారు, లడ్డూ పోటులో (లడ్డూలు తయారయ్యే వంటశాలలో) షిఫ్టుల మీద పనిచేసేవారు, రాత్రంతా భక్తులను దింపే టాక్సీ డ్రైవర్లు, తోతాపురి సీజన్లో రాత్రింబవళ్లు నడిచే మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కూలీలు, వీళ్లందరి నిద్ర పగటిపూటకు జరిగిపోతుంది. కొన్ని వాచీలు పగటి నిద్రను కునుకుగా రాస్తాయి, కొన్ని అసలు లెక్కలోకే తీసుకోవు. అప్పుడు ఏడు గంటలు పడుకున్నవారికి ‘రెండు గంటలు’ అని వస్తుంది. అలాగని షిఫ్టుల వల్ల మనసుకు నష్టం లేదనీ కాదు. బైపోలార్ ఉన్నవారికి నిద్ర వేళలు అటూ ఇటూ కావడమే జబ్బును రేపగలదు. వాచీ చూపే తప్పుడు అంకెను, నిజమైన నష్టాన్ని విడదీసేది ఆ మనిషి డ్యూటీ చార్టు మాత్రమే.

కదలిక లెక్కలూ అంతే. గతుకుల రోడ్డు మీద బండి హ్యాండిల్ అదిరితే కూర్చున్న మనిషికి అడుగులు పడతాయి. తల మీద మూట పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని నడిస్తే పడాల్సిన అడుగులు పడవు. పిండి పిసికినా, బట్టలు ఉతికినా అడుగులే. మణికట్టు నిండా గాజులుంటే వాచీ పైకీ కిందికీ జరుగుతూ పచ్చ కాంతి పక్కలకు కారిపోతుంది. కాశీదారం పట్టీ కిందకు వెళ్తే బిళ్ల చర్మానికి ఆనదు. పచ్చబొట్టు ఉన్నచోట సిరా కాంతిని మింగేస్తుంది.

## మందులు మార్చే అంకెలు

వాచీకి తెలియని మరో సంగతి, ఆ మనిషి ఏ మాత్రలు వేసుకుంటున్నారన్నది. దడకు, చేతుల వణుకుకు ఇచ్చే ప్రొప్రనోలాల్ గుండె వేగాన్ని నేరుగా తగ్గిస్తుంది. లోపల భయం అలాగే ఉన్నా అంకె ప్రశాంతంగా కనిపిస్తుంది. డిప్రెషన్‌కు ఇచ్చే అమిట్రిప్టిలిన్ వేగాన్ని పెంచి హెచ్‌ఆర్‌వీని తగ్గిస్తుంది. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ మొదలుపెట్టిన వారాల్లో గుండె వేగం పెరగడం మామూలు. ఉబ్బసానికి పీల్చే సాల్‌బ్యుటమాల్, ఎక్కువైన థైరాయిడ్ కూడా దడ తెస్తాయి.

అందువల్ల మాత్ర మొదలైన తేదీ, మోతాదు మారిన తేదీ గీత మీద గుర్తు పెట్టకపోతే ‘మందు పనిచేసింది’ అనుకున్నది మందు దుష్ప్రభావం కావచ్చు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవారి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. రక్తంలో దాని స్థాయి సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేట్టు చూస్తారు. ఎండలో బాగా చెమటపట్టి నీళ్లు తగ్గితే అది ప్రమాదకరంగా పెరగొచ్చు. ఏ వాచీ దాన్ని కొలవలేదు. రక్తపరీక్షే గతి.

## వెయ్యిమంది హాస్టల్లో లెక్క

ప్రకటనల్లో కనిపించే ‘93 శాతం కచ్చితత్వం’ లాంటి మాటలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే వాటి బరువెంతో తెలుస్తుంది. ఒత్తిడి గుర్తింపులో పరిశోధకులు విరివిగా వాడే వెసాడ్ అనే సమాచార నిధి 2018లో వచ్చింది. అందులో ఉన్నది 15 మంది. ప్రయోగశాలలో జనం ముందు మాట్లాడించి, నోటిలెక్కలు చేయించి కలిగించిన ఒత్తిడి అది. ఒత్తిడి ఉందా లేదా అన్న రెండు ముక్కల ప్రశ్నకు అక్కడ 93 శాతం వచ్చింది. డిప్రెషన్ కదలికల మీద నార్వే నుంచి అదే ఏడు వచ్చిన నిధిలో రోగులు 23 మంది, మామూలువారు 32 మంది. ఇవి మంచి పరిశోధనలే. కానీ 15 మంది గదిలో కూర్చుంటే వచ్చిన అంకె చిత్తూరు బస్టాండులో నిలబడదు.

అంకె నిలబడిందనే అనుకున్నా ఇంకో ఇబ్బంది ఉంది. వెయ్యిమంది ఉన్న హాస్టల్లో అందరికీ పట్టీలు పెట్టారనుకుందాం. వారిలో 50 మందికి చికిత్స అవసరమైన డిప్రెషన్ ఉందని, పట్టీ జబ్బున్నవారిలో 80 శాతాన్ని, లేనివారిలో 80 శాతాన్ని సరిగ్గా చెబుతుందని అనుకుందాం. ఇది ఉదారమైన అంచనా. 50 మందిలో 40 మంది పట్టుబడతారు, 10 మంది జారిపోతారు. జబ్బు లేని 950 మందిలో 190 మందికి కూడా ఎర్ర గుర్తు పడుతుంది. మొత్తం 230 ఎర్ర గుర్తుల్లో నిజమైనవి 40. అంటే ఆరింట ఒకటి. మిగతా 190 మంది పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లు వెళ్తాయి, ఒక్క కౌన్సెలర్ తలుపు ముందు క్యూ పెరుగుతుంది, ఆ క్యూలో అసలు అవసరమున్న 40 మంది వెనకపడతారు. పట్టుబడని 10 మందిని ‘పచ్చ గుర్తు ఉంది కదా’ అని ఎవరూ పట్టించుకోరు.

తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 కాగితం ఇంతకంటే చౌక. మొత్తం 27 మార్కులు, పది, అంతకు మించి వస్తే డాక్టరును కలవాలని సూచన. అది కూడా జబ్బు నిర్ధారణ కాదు, అయితే ‘చచ్చిపోతే బాగుండనిపిస్తోందా’ అని మొహమాటం లేకుండా అడుగుతుంది. ఆ ప్రశ్న ఏ సెన్సరూ అడగలేదు. యాపిల్ సైతం 2023లో వాచీకి, ఫోనుకు మనోస్థితి నమోదు చేర్చినప్పుడు ఈ ప్రశ్నావళినీ పక్కనే పెట్టింది.

## పెట్టుకునే పద్ధతి

డాక్టరు సలహాతో వాడేవారికి అంకెలు పనికొచ్చేలా ఉండాలంటే కొన్ని పద్ధతులు తప్పవు. రోజూ ఎక్కువగా వాడని చేతికే కట్టాలి, మధ్యలో చేయి మార్చకూడదు. మణికట్టు ఎముక మీద కాకుండా ఒక వేలెడు పైకి, తీస్తే చర్మం మీద కొద్దిగా అచ్చు కనిపించేంత బిగువుగా ఉండాలి. అంతకంటే బిగిస్తే రక్తం ఆడక అల చదునవుతుంది. గాజులున్న చేతికి వద్దు. చెమట ఉప్పు పేరుకుంటే కాంతి మసకబారుతుంది, దద్దుర్లు కూడా వస్తాయి. రోజూ మెత్తని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

ఛార్జింగ్ స్నానం వేళకు పెట్టుకోవాలి. ఎక్కువమంది చేసే పొరపాటు రాత్రి పడుకునేటప్పుడు ఛార్జింగ్ పెట్టడం. దాంతో అన్నింటికంటే విలువైన నిద్ర సమాచారమే పోతుంది. గుండె వేగం ‘నిరంతరం’ అనే సెట్టింగ్‌లో ఉందా, పది నిమిషాలకోసారి చదివేలా ఉందా చూసుకోవాలి. మధ్యలో వాచీ కంపెనీ మార్చినా, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద మార్పు వచ్చినా లెక్క పద్ధతి మారిపోతుంది. మార్పు మనిషిలో వచ్చిందా, వాచీలో వచ్చిందా అన్నది తర్వాత తేల్చుకోలేరు.

మొదటి 14 రాత్రుల అంకెలను చదివి అర్థాలు తీయకూడదు. అవి ఆ మనిషి మామూలు ఏమిటో తెలియడానికి. ఆ రెండు వారాల్లో జ్వరం, పెళ్లి, ఊరు ప్రయాణం, పరీక్షలు ఉంటే ఆ రోజులు వదిలేసి ఇంకొన్ని రోజులు కలపాలి. తర్వాత చూడాల్సింది ఒక రాత్రిని కాదు, వరసగా మూడు రాత్రుల పోకడను. ఒత్తిడి అంకెను పక్కన పెట్టి పడుకున్న వేళ, లేచిన వేళ, మొత్తం నిద్ర, పగటి అడుగులు, ఈ నాలుగే చూస్తే చాలు.

## సమాచారం ఎవరి చేతిలో

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద చికిత్స వివరాలు గోప్యంగా ఉంచే బాధ్యత వైద్యం చేసేవారిపై ఉంది. వాచీ కంపెనీ వైద్యం చేయడం లేదు. చాలా వాచీల కాగితాల్లో ‘ఇది వైద్య పరికరం కాదు’ అని సన్నని అక్షరాల్లో ఉంటుంది. కాబట్టి ఆ అంకెలకు వర్తించేది ప్రధానంగా 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఆ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడంపై నిషేధం ఉంది. విద్యాసంస్థలకు, వైద్య సంస్థలకు షరతులతో మినహాయింపులున్నాయి. ఇంటర్ చదివే పిల్లలు ఎక్కువమంది 18 లోపువారే. పట్టీ ఇవ్వబోయే కాలేజీని తల్లిదండ్రులు అడగాల్సినవి మూడు: గీతలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, వద్దంటే తీసేస్తారా.

ఇంట్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. భార్య యాప్ భర్త ఫోనులో, కొడుకు నిద్ర గీత తండ్రి ఫోనులో ఉంటే, సాయం కాస్తా నిఘా అవుతుంది. అప్పుడు వాచీ తలగడ కిందకు పోతుంది.

## ఓపీకి ఏం తీసుకెళ్లాలి

తిరుపతి రుయా ఆసుపత్రిలో అయినా, రాయవేలూరు సీఎంసీలో అయినా ఓపీ డాక్టరుకు ఒక్కో రోగితో గడిపే సమయం తక్కువ. అరవై తెరలున్న యాప్‌ను వేలితో జరుపుతూ చూపిస్తే ఏమీ తేలదు. ఒక తెల్లకాగితం మీద 14 వరసలు గీసి, ఒక్కో వరసలో తేదీ, పడుకున్న వేళ, లేచిన వేళ, అడుగులు, మాత్ర వేసుకున్నారా లేదా, ఆ రోజు విశేషం రాసుకెళ్తే అర నిమిషంలో చదవొచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే, నిద్ర బాగా పడిపోయి మాటల వేగం పెరిగితే, రెండు వారాలు నిండే దాకా ఆగకూడదు. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆ కాగితంలో అన్నింటికంటే పనికొచ్చేది చివరి గడి. మూడు గంటల నిద్ర పక్కన ‘గరుడసేవ డ్యూటీ’ అని రెండు ముక్కలుంటే డాక్టరు ఆ వరస దాటి కిందికి వెళ్తారు. గడి ఖాళీగా ఉంటే మొదట అడిగేది ఆ రాత్రి గురించే.